అంగిలి చూశారు, ఆమెను అడగలేదు

"ముందు ప్రాణం నిలబెట్టండి, మనసు సంగతి తర్వాత చూద్దాం." ఉత్తరాంధ్రలో క్యాన్సర్ మాట ఎత్తితే ఈ వాక్యం వినిపించకుండా పోదు. డాక్టర్లు అంటారు, అధికారులు అంటారు, తల్లిని ఆటోలో దింపి కార్డు పట్టుకుని కౌంటరు దగ్గర నిలబడ్డ కొడుకూ అంటాడు. వినడానికి ఎంత సబబుగా ఉంటుందంటే, కాదన్నవాడికి మనిషి ప్రాణమంటే లెక్కలేదేమో అనిపిస్తుంది. రేడియేషన్ కోసం వరసలో కూర్చున్న మనిషి పక్కన చేరి రాత్రి నిద్ర పడుతోందా, ఇంట్లో ఎలా చూస్తున్నారు, దేనికి భయపడుతున్నారు అని అడిగి రాసుకోవడం డబ్బున్న దేశాల ముచ్చటట. శ్రీకాకుళం, విజయనగరం లాంటి జిల్లాలకు అది అక్కర్లేని ఖర్చట. మంచం చాలక, యంత్రం చాలక, డాక్టరు చాలక అల్లాడుతున్న చోట మనసు మీద పరిశోధన ఏమిటని నిలదీస్తారు.

ఈ వాదం తప్పు. అది కాపాడతానంటున్న ప్రాణాలే దాని వల్ల పోతున్నాయి.

క్యాన్సర్ పరిశోధనకు ఈ నేల కొత్త కాదు. నోటి క్యాన్సర్ మీద ప్రపంచంలో ఎక్కడ పెద్ద పుస్తకం రాసినా అందులో శ్రీకాకుళం పేరు ఉంటుంది. కారణం అడ్డపొగ. చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, నిప్పు ఆరకుండా పీల్చడం. ఎక్కువగా ఆడవాళ్ల అలవాటు. తల్లి దగ్గర చూసి కూతురు నేర్చుకునేది. చంకలో పిల్ల మీద బూడిద రాలదని, గాలికీ వానకీ చుట్ట ఆరిపోదని, పంటినొప్పి తెలియదని చెప్పేవారు. ఆ వేడికీ పొగకీ అంగిలి తెల్లబారుతుంది, మచ్చలు కడుతుంది, కొందరిలో పుండై క్యాన్సర్‌గా మారుతుంది. డెన్మార్క్ నుంచి పిండ్‌బోర్గ్, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నుంచి ఫాలీ మెహతా, వాళ్ల సహచరులు ఇక్కడి పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిలి మీద ఏయే మార్పులు వస్తున్నాయో 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ప్రచురించారు. 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి అడ్డచుట్టకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పత్రికలో రాశారు. గొప్ప పని. టార్చిలైటు, చిన్న అద్దం పట్టుకుని ఎండలో ఊరూరా తిరిగి చేసిన పని. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

కానీ ఆ అంగిళ్ల వెనక ఉన్న ఆడవాళ్ల సంగతేమిటి? మచ్చ ఏ రంగులో ఉందో, ఎన్ని మిల్లీమీటర్లుందో, పక్కన ఎన్ని ఎర్రచుక్కలున్నాయో తెలుసు మనకు. ఆ అంగిలి కోసేశాక ఆమె అన్నం ఎలా తిన్నదో, ఎవరి దగ్గర కూర్చుని తిన్నదో, ఇంట్లో మాట చెల్లిందో లేదో, మళ్లీ పేరంటానికి వెళ్లిందో లేదో ఆ పత్రాల్లో కనపడదు. ఆనాటి శాస్త్రవేత్తల పని అది కాదు, ఒప్పుకుంటాను. యాభై ఏళ్లు దాటాక కూడా "ఇప్పుడే ఎందుకు" అంటున్న మన మీదే నా కోపం.

పైగా ఇదే నేల మీద జరిగిన మరో పరిశోధన ఈ "మనసు తర్వాత" వాదాన్ని ఎప్పుడో కొట్టేసింది. కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్, మన శ్రీకాకుళం, ఈ మూడు చోట్లా కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లతో నడిపిన అధ్యయనం 1986లో లాన్సెట్‌లో వచ్చింది. మందు ఇవ్వలేదు, కత్తి పెట్టలేదు. మనుషులతో కూర్చుని మాట్లాడారు, పోస్టర్లు, సినిమాలు చూపించారు, ఏటేటా వచ్చి మళ్లీ మాట్లాడారు. పొగాకు మానినవాళ్లూ తగ్గించినవాళ్లూ పెరిగారు. నోట్లో క్యాన్సర్‌కు ముందుగా వచ్చే మచ్చలు తగ్గాయి. మనిషితో ఎలా మాట్లాడాలో తెలుసుకుంటే నోటి లోపలి పొర సైతం మారుతుందని ప్రపంచానికి చూపించిన మూడు చోట్లలో మన జిల్లా ఒకటి. అలాంటి చోట, మాట్లాడటం వైద్యం కిందికి రాదని ఎలా అనగలం?

పలాస వైపు ఒక ఊళ్లో నాకు తెలిసిన పెద్దావిడ ఉంది. కోడలు జీడిపిక్కల పనికి వెళ్తుంది, కొడుకు చెన్నైలో కట్టుబడి పనుల్లో ఉంటాడు. పై దవడలో కొంత తీసేశారు ఆమెకు. ఖాళీలో పెట్టుకోవడానికి ప్లాస్టిక్ అంగిలి ఒకటి చేసిచ్చారు. అది సరిగ్గా కూర్చోకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేస్తాయి, మాట ముక్కులోకి పోతుంది. అన్నం మింగుడు పడదు, కారం తగిలితే మంట. చోడి అంబలి మాత్రం దిగుతుంది. అదయినా గోడవైపు తిరిగి, కొంగు అడ్డం పెట్టుకుని తాగుతుంది. మనవరాలు ఒకసారి ఆమె మాటను అనుకరించి నవ్వింది. పిల్లకేం తెలుసు, ఆరేళ్ల పిల్ల. ఆ రోజు నుంచి ఆవిడ ఇంట్లో సైగలే చేస్తోంది. ఆసుపత్రి కాగితం మీద ఆపరేషన్ బాగా జరిగిందని, గాయం మానిందని ఉంది. రెండూ నిజమే.

తర్వాత రేడియేషన్ పెట్టారు. తలా మెడా కదలకూడదు కాబట్టి, వేడినీళ్లలో మెత్తబరిచిన ప్లాస్టిక్ వలను ముఖం మీద అచ్చుగా బిగించి, ఆ ముసుగును బల్లకు కట్టేస్తారు. గదిలో ఉన్నవాళ్లంతా బయటికి వెళ్లిపోతారు, తలుపు మూసుకుంటుంది. ఆమెకు ఊపిరి ఆడదేమోనని భయం. దవడ పోయిన నోటితో ఆ మాట చెప్పేసరికి ఎవరికీ అర్థం కాలేదు. కొన్నాళ్లు వెళ్లింది, మానేసింది. కాగితం మీద రెండే మాటలు రాశారు: రోగి రాలేదు. నేను అడిగితే, గోడవైపు చూస్తూనే చెప్పింది: "నా మూలాన గుంటడి కూలి పోతంది బావూ. బస్సులో అందరూ నా మూతే చూత్తన్నారు." ముసుగు సంగతి నేను మూడోసారి వెళ్లినప్పుడు గానీ బయటపెట్టలేదు.

ఆమె చికిత్స ఆగిపోవడానికి యంత్రం లేకపోవడం కారణం కాదు. యంత్రం ఉంది. డబ్బు లేకపోవడమూ కాదు, ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. కొడుకు కూలి, బస్సులో చూపులు, ముసుగు కింద భయం, మనవరాలి నవ్వు, ఇవన్నీ కలిసి ఆపేశాయి. వీటిలో దేన్నీ స్కానింగ్ చూపించదు. ఎవరో ఒకరు కూర్చుని, ఒకటికి మూడుసార్లు అడిగితే తప్ప బయటికి రావు. ఆ అడగడాన్ని పద్ధతిగా, వందల మందితో, ఏళ్ల తరబడి చెయ్యడాన్నే పరిశోధన అంటాం. దీర్ఘ వ్యాధులున్నవాళ్ల మీద అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కూర్చి 2000లో డిమాటియో అనే అమెరికా పరిశోధకురాలు తేల్చినదేమిటంటే, కుంగుబాటులో ఉన్న రోగులు డాక్టరు చెప్పిన చికిత్స పాటించకపోయే అవకాశం మిగతావాళ్లకంటే మూడు రెట్లు. మనసు తర్వాత చూద్దామన్న చోట ప్రాణమే జారిపోతోంది.

యంత్రాలు ముందు అనేవాళ్లతో నాకు సగం గొడవ లేదు. యంత్రాలు కావాలి. ఇంకా కావాలి, ఇంకా దగ్గరగా కావాలి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది అగనంపూడిలో, అంటే ఉత్తరం నుంచి వచ్చినవాళ్లు విశాఖ నగరమంతా దాటి, గాజువాక కూడా దాటి వెళ్లాలి. తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున ఆరేడు వారాలు నడుస్తుంది. సీతంపేట ఏజెన్సీలో కొండ మీద ఊరి నుంచి దిగి వచ్చే సవర ఆడమనిషికి ఆరేడు వారాలంటే ఏమిటి? ఎక్కడ పడుకుంటుంది, ఎవరు తోడుంటారు, పొలం పని ఎవరు చూస్తారు, చంటిపిల్లను ఎక్కడ వదులుతుంది, నగరంలో ఆమె భాష ఎవరికి వస్తుంది?

ఇక ఖర్చు సంగతి. ఉచిత వైద్యానికి పెట్టిన ఆరోగ్యశ్రీ పథకం మొదలైంది 2007 ఏప్రిల్ 1న. మొదటి విడత మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు. పథకం పేరు మారింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ. ఈ పథకం వల్ల బతికినవాళ్లు మన ఊళ్లలో కళ్లెదుటే ఉన్నారు, ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆపరేషన్‌కు ఎంత, కీమోథెరపీకి ఎంత, రేడియేషన్‌కు ఎంత అని వ్యాధికీ విధానానికీ లెక్క కట్టిన పథకం అది. తోడొచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలికీ, లాడ్జి అద్దెకీ, తాకట్టు పెట్టిన పుస్తెలకీ అందులో గడి లేదు. గడి పెట్టాలంటే ముందు ఆ ఖర్చు ఎంతో తెలియాలి, ఎవరు ఎక్కడ ఆగిపోతున్నారో తెలియాలి. పథకం మెరుగుపడాలని కోరుకునే అధికారికి ఈ పరిశోధన అందరికంటే ముందు కావాలి. కోట్లు పోసి యంత్రం తెచ్చి, దాని దాకా మనిషి ఎందుకు రాలేకపోతున్నదో కనుక్కోకపోవడం బావి తవ్వి చేంతాడు ఇవ్వకపోవడమే.

ఇక రెండో వాదం. "మనవాళ్లకు కుటుంబాలున్నాయి. తెల్లవాళ్లలా ఒంటరివాళ్లు కారు. అమ్మా నాన్నా, అన్నదమ్ములూ, దేవుడూ ఉన్నాడు. కౌన్సెలర్లు ఎందుకు?" చెవికి ఇంపుగా ఉండే మాట. అమ్మ మంచం పక్కన రాత్రంతా కూర్చున్న కూతుళ్లను ఎవరు చూడలేదు? కానీ కుటుంబం అన్న మాట వాడి చేతులు దులుపుకునేవాళ్లు ఆ కుటుంబం ఎలా ఉందో చూడరు. శ్రీకాకుళం పల్లెల్లో పనిచేసే వయసున్న మగవాళ్లు చెన్నైలో, హైదరాబాద్‌లో, విశాఖలో ఉంటారు. ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. పిక్కలు కొట్టి వచ్చిన కోడలు వంట చేసి, పిల్లల్ని బడికి పంపి, అత్తగారి నోరు కడిగి, మళ్లీ పనికి వెళ్తుంది. ఆ కోడలికి నడుం నొప్పి ఉందా, నిద్ర ఉందా, ఆమెను ఎవరైనా అడిగారా? రోగిని చూసుకునే మనిషి రెండో రోగి అని క్యాన్సర్ వైద్యంలో ఎప్పుడో తేలిన విషయం. ఆమె కుంగిపోతే చికిత్సా కుంగుతుంది.

కుటుంబం దాచిపెడుతుంది కూడా. ప్రేమతోనే దాస్తుంది. "పేరు చెబితే భయంతోనే పోతుంది" అని కొడుకు డాక్టరు చెవిలో అంటాడు. డాక్టరు తలూపుతాడు. తల్లి మాత్రం ఆసుపత్రి గేటు మీద పెద్ద అక్షరాల బోర్డు చూసింది. చదువు రాకపోయినా, పక్క మంచం మీద జుట్టు ఊడిన పిల్లను చూసింది. ఆమెకు తెలుసు. తనకు తెలుసని కొడుక్కి తెలియకూడదని ఆమె కూడా దాస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరు, ఒకరినొకరు కాపాడుకుంటున్నామనుకుంటూ, చివరి నెలల్లో చెప్పుకోవలసిన మాటలేవీ చెప్పుకోకుండా గడిపేస్తారు. పొలం ఎవరి పేరున రాయాలి, చిన్నదాని పెళ్లి ఎలా, నన్ను ఎక్కడ ఉంచాలి, నొప్పి ఎక్కువైతే ఏం చెయ్యాలి, ఈ మాటలన్నీ లోపలే ఉండిపోతాయి. దాచడం తప్పని తీర్పు చెప్పను. కొందరు నిజంగానే తెలుసుకోవాలనుకోరు. ఎవరు తెలుసుకోవాలనుకుంటున్నారు, ఎంతవరకు, ఎవరి నోటి ద్వారా అన్నది కొడుకు ఊహకో డాక్టరు ఊహకో వదిలెయ్యకుండా రోగినే అడిగి తెలుసుకోవాలంటున్నాను. అలాగే ఇంట్లో కంచం, గ్లాసు వేరు పెట్టడం, క్యాన్సర్ అంటుకుంటుందన్న భయం, ఆడపిల్ల సంబంధం చెడుతుందని తల్లి జబ్బును మూడేళ్లు మూసిపెట్టడం. ఇవి ఎంతమందిలో ఉన్నాయి, ఏ మాట చెబితే తగ్గుతున్నాయి? లెక్క తెలియకుండా గోడల మీద నినాదాలు రాసి లాభం లేదు.

మూడో మాట అన్నిటికంటే కఠినమైనది, కానీ తియ్యగా చెబుతారు: "ధైర్యంగా ఉండు, మనోబలం ఉంటే క్యాన్సర్‌ను జయించవచ్చు." సన్మాన సభల్లో, టీవీల్లో, వాట్సాప్‌లో ఇదే. బతికిన మనిషి చెబితే చప్పట్లు పడతాయి. మరి పోయినవాళ్లు? వాళ్లకు మనోబలం చాలలేదనేనా అర్థం? 1999లో లాన్సెట్‌లో మాగీ వాట్సన్ బృందం 578 మంది రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలను అయిదేళ్లు గమనించి రాసింది. పోరాట పటిమ ఉన్నవాళ్లు ఎక్కువకాలం బతికారన్న ఆధారం దొరకలేదు. నిస్సహాయత, నిరాశ, తీవ్రమైన కుంగుబాటు ఉన్నవాళ్ల పరిస్థితి మాత్రం అధ్వాన్నంగా ఉంది. అంటే ధైర్యం చెప్పడం మందు కాదు. కుంగుబాటును గుర్తించి దానికి వైద్యం చెయ్యాలి. ధైర్యం నూరిపోసేవాళ్లు తెలియకుండానే ఆ మనిషి ఏడుపును లోపలికి తోసేస్తున్నారు. ఏడిస్తే ఓడిపోయినట్టే అని నమ్మిన మనిషి ఎవరితో చెప్పుకుంటుంది? 2021 జాతీయ నేర గణాంకాల ప్రకారం మన దేశంలో ఆత్మహత్యల కారణాల్లో కుటుంబ సమస్యల తర్వాత రెండో స్థానం అనారోగ్యానిది. అమెరికాలో 2008లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో క్యాన్సర్ రోగుల్లో ఆత్మహత్యల రేటు సాధారణ జనంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఈ దుఃఖం ఏ రూపంలో ఉందో తెలుసుకోకపోతే దాన్ని ఎలా ఆపుతాం?

ఇక్కడ నా వైపు వాళ్లూ ఒక పొరపాటు చేస్తారు, అదీ చెప్పాలి. మనసును బాగుచేస్తే ఆయుష్షు పెరుగుతుందని అందరికీ హామీలు ఇచ్చేస్తారు. 1989లో డేవిడ్ స్పీగెల్ ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనంలో, బృందంగా కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు రెట్టింపు కాలం బతికారని వచ్చింది. ప్రపంచమంతా ఆశపడింది. 2001లో కెనడాలో 235 మందితో మళ్లీ చేసి చూస్తే ఆయుష్షు పెరగలేదు. కానీ వాళ్ల మనోవేదన తగ్గింది, నొప్పి తగ్గింది. నాకు అది చాలు. మూడు నెలలు బతికే మనిషి ఆ మూడు నెలలూ నొప్పి తక్కువగా, భయం తక్కువగా బతకడం వైద్యం సాధించవలసిన ఫలితం కాదా?

ఆయుష్షు లెక్కే కావాలంటే అదీ ఉంది. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిలో సగం మందికి మొదటి నుంచీ ఉపశమన వైద్యం జోడించింది జెనిఫర్ టెమెల్ బృందం. 2010లో ప్రచురించారు. వాళ్లలో కుంగుబాటు తగ్గింది, చివరి రోజుల్లో అనవసరపు కఠిన చికిత్సలు తగ్గాయి, అయినా మధ్యస్థ జీవితకాలం 8.9 నెలల నుంచి 11.6 నెలలకు చేరింది. 2017లో వచ్చిన ఈథన్ బాష్ అధ్యయనంలో 766 మంది ఉన్నారు. ఒక భాగం రోగులు తమ బాధలు తామే ఎప్పటికప్పుడు తెలియజేస్తే నర్సులకు కబురు వెళ్లే ఏర్పాటు చేశారు. అంతే. ఆ భాగంలో మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు, మామూలు పద్ధతిలో 26. ఎలా ఉందని అడిగి, చెప్పింది విని, వెంటనే కదిలినందుకు అయిదు నెలలు. ఇంత ఫలితం ఇచ్చే కొత్త మందు వస్తే ఎంత ధరకైనా కొంటామంటారు.

ఇంత చెప్పాక ఇంకో అడ్డు వేస్తారు. "చేసేవాళ్లేరి? లక్ష జనాభాకు ఒక మానసిక వైద్యుడు కూడా లేని దేశం." నిజమే, లేరు. కానీ స్కాట్లండ్‌లో కుంగుబాటు ఉన్న 500 మంది క్యాన్సర్ రోగులతో చేసిన అధ్యయనం 2014లో వచ్చింది. అక్కడ ఎక్కువ పని చేసింది శిక్షణ పొందిన క్యాన్సర్ నర్సులు, వెనక మానసిక వైద్యుల పర్యవేక్షణలో. ఆరు నెలల్లో 62 శాతం మందిలో కుంగుబాటు సగానికి పైగా తగ్గింది. మామూలు పద్ధతిలో 17 శాతం మందికే. నర్సులూ లేరంటారా? గోవాలో వైద్య చదువు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి తీవ్ర కుంగుబాటుకు మాటలతో చికిత్స చేయించి, అది పనిచేస్తుందని విక్రమ్ పటేల్ బృందం 2017లో చూపించింది. జింబాబ్వేలో మామ్మల వయసు ఆడవాళ్లు ఆరోగ్య కేంద్రం బయట బల్ల మీద కూర్చుని అదే పని చేశారు, 2016లో ఫలితాలు వచ్చాయి. మన దక్షిణాదిలోనే కేరళ ఉంది. అక్కడి ఉపశమన వైద్యం కోజికోడ్‌లో 1993లో చిన్న నొప్పి నివారణ క్లినిక్‌గా మొదలై, ఊళ్లో జనమే వాలంటీర్లుగా కదిలి, 2008కల్లా రాష్ట్ర ప్రభుత్వం విధానంగా ప్రకటించేంత ఎదిగింది. మన దగ్గర ఊరూరా ఆశా కార్యకర్త ఉంది. ఏ ఇంట్లో ఎవరికి ఏముందో ఆమెకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆమె నెత్తిన మరో రిజిస్టరు పెట్టమనడం లేదు, ఇప్పటికే బరువు ఎక్కువైంది. ఈ పనికి విడిగా జీతమిచ్చి, శిక్షణ ఇచ్చి, ఆమెలాంటి మరికొందరిని పెట్టండి.

కొందరు పెద్ద చదువుల వాళ్లకు ఇంకో అనుమానం. పేషెంట్లు చెప్పే కథలు శాస్త్రమవుతాయా అని. శ్రీకాకుళంలో కూర్చుని ఈ ప్రశ్న వేయడం నాకు వింతగా ఉంటుంది. కాళీపట్నం రామారావు గారు 1997లో ఇదే ఊళ్లో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనూ వెతికి తెచ్చి, భద్రపరిచి, వరస పెట్టడానికి జీవితం ధారపోశారు. చెదురుమదురుగా పడి ఉన్నవి ఒక్కచోట పేరిస్తే అప్పుడే ఒక కాలం, ఒక జనం కనపడతారని ఆయనకు తెలుసు. రోగుల మాటలూ అంతే. ఒక్కరిది విన్నప్పుడు జాలి కలుగుతుంది. మూడు వందల మందివి పద్ధతిగా విని, పోల్చి, ఏ మలుపులో ఎక్కువమంది ఆగిపోతున్నారో తేల్చినప్పుడు ఏం చెయ్యాలో తెలుస్తుంది.

అయితే ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం. ఉద్దానం జనాన్ని అడగండి. అంతుచిక్కని కిడ్నీ జబ్బు మీద పరిశోధనలకని ఎన్నో బృందాలు వచ్చాయి, రక్తం తీసుకున్నాయి, మూత్రం తీసుకున్నాయి, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చింది, మంచిదే. కానీ తమ రక్తంలో ఏం తేలిందో ఇంటికొచ్చి చెప్పినవాళ్లు లేరని కవిటి, సోంపేట వైపు జనం అంటే దానికి జవాబు చెప్పవలసిన బాధ్యత పరిశోధకులదే. అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం ఏజెన్సీలో 2009లో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు ఎలా నడిచిందో మరిచిపోకూడదు. ఆదివాసీ హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో ప్రాజెక్టు ఆగింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే మంచి టీకా మీద అనుమానం ముద్ర పడటంలో ఆ సంతకాల పాత్ర చిన్నది కాదు. మనసు మీద పరిశోధనకు ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. కొడుకు పక్కన నిలబడి ఉండగా తల్లిని "ఇంట్లో బాగా చూస్తున్నారా" అని అడిగితే ఏం చెబుతుంది? మొగుడి ఎదుట రొమ్ము తీసేసిన భార్యను ఏమడుగుతాం? విడిగా కూర్చోవాలి. ఆమె మాటలో, ఆమె యాసలో మాట్లాడే ఆడమనిషి అడగాలి. వద్దంటే లేచి వచ్చెయ్యాలి. ఏం తేలిందో ఏడాది తిరక్కుండా అదే ఊళ్లో చెప్పాలి. ప్రశ్నలు అడిగి కుంగుబాటు బయటపడ్డ మనిషిని కాగితం మీద మార్కు వేసి వదిలేస్తే అది ద్రోహం. ఎవరి దగ్గరికి పంపాలో ముందే ఏర్పాటు ఉండాలి.

అడిగితే ఉన్న బాధ ఇంకా పెరుగుతుందని భయపడేవాళ్లు ఒక్కసారి ఏ క్యాన్సర్ వార్డు వరండాలోనైనా గంట కూర్చోండి. ఎవరూ అడగకుండానే పక్కవాళ్లతో చెప్పుకుంటున్నారు వాళ్లు. టీ కొట్టు దగ్గర, బస్టాండులో, స్నానాల గది ముందు వరసలో. పరాయి మనిషికి చెప్పుకున్నది డాక్టరుకు చేరడం లేదు.

డబ్బెక్కడిదన్న ప్రశ్నకు నా దగ్గర లెక్కలున్న జవాబు ఒకటుంది. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో 150 సీట్లతో మొదలైంది. శ్రీకాకుళంలో ప్రభుత్వ కళాశాల ఉంది, రాగోలులో జెమ్స్, నెల్లిమర్లలో మిమ్స్ ఉన్నాయి. జాతీయ వైద్య కమిషన్ నిబంధన ప్రకారం ఎంబీబీఎస్ చదివే ప్రతి విద్యార్థీ మొదటి ఏడాది నుంచే పల్లెల్లో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని మూడేళ్లు వాళ్ల ఆరోగ్యం కనిపెట్టి ఉండాలి. బీపీ చూస్తున్నారు, షుగరు చూస్తున్నారు, లాగ్‌బుక్కులో రాస్తున్నారు. ఆ నాలుగు కళాశాలలూ ఒక మాట అనుకుని, క్యాన్సర్ వచ్చిన ఇళ్లను తమ పల్లెల్లో విడిచిపెట్టకుండా చేర్చుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయం సోషల్ వర్క్, సైకాలజీ విభాగాల విద్యార్థులను జతచేసి, జబ్బు తేలిన రోజు నుంచి రెండేళ్లపాటు ఒక్కో రోగినీ, ఒక్కో సంరక్షకురాలినీ ఏడాదికి నాలుగుసార్లు కలిసి అడిగితే చాలు. కొత్త భవనం అక్కర్లేదు, శిలాఫలకం అక్కర్లేదు. బస్సు ఛార్జీలు, శిక్షణ, ఒక నైతిక కమిటీ అనుమతి, మధ్యలో చికిత్స మానేసినవాళ్ల ఇంటి తలుపు తట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. విజయనగరం మొదటి బ్యాచ్ 2028లో హౌస్‌సర్జన్లు అవుతారు. ఈ పని వచ్చే విద్యాసంవత్సరం మొదలుపెట్టినా, వాళ్లు వార్డులోకి అడుగుపెట్టేసరికి మన జిల్లాల రోగుల గురించి మనం స్వయంగా అడిగి తెలుసుకున్న మొదటి ఏళ్ల లెక్కలు వాళ్ల చేతిలో ఉంటాయి.